ఋణాన్ని ఋణంతో హెచ్చవేస్తే ధనం ఎందుకవుతుంది?

పిల్లలూ! మీలో ఏడో తరగతి దాటినవాళ్ళందరికీ ఒక మంత్రం తెలిసే ఉంటుంది: "మైనస్ ఇంటూ మైనస్ ప్లస్." నిద్రలో లేపి అడిగినా చెబుతారు. పరీక్షలో దానికి మార్కులు కూడా వస్తాయి. కాని "ఎందుకు?" అని అడిగితే మాత్రం చాలామంది ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. పెద్దవాళ్ళను అడిగి చూడండి, వాళ్ళూ అంతే. "మా మాస్టారు అలాగే చెప్పారు" అంటారు. ఆ మాస్టారిని అడిగితే ఆయన కూడా, "మా మాస్టారు అలాగే చెప్పారు" అంటారేమో!

నేను బోధన్ చుట్టుపక్కల పల్లెల్లోనూ, ఆ తరవాత నిజామాబాద్ పట్టణంలోనూ ముప్పై ఏళ్ళకు పైగా లెక్కలు చెప్పి, ప్రధానోపాధ్యాయుడిగా పని విరమించినవాణ్ణి. ఈ ప్రశ్న ఏటేటా నా తరగతిలోకి వస్తూనే ఉండేది. దీనికి జవాబు ఉన్నది. అది బ్రహ్మవిద్య ఏమీ కాదు. ఖాతా పుస్తకం, చెరువు నీళ్ళు, చెరకు మడి, ఈ మూడింటి సంగతీ తెలిసినవాళ్ళకు సులువుగా బోధపడుతుంది. ఇవాళ ఆ జవాబేమిటో చూద్దాం.

ముందుగా ఒక మాట. ఈ సూత్రం మీకు వింతగా తోస్తే సిగ్గుపడవలసిన పని లేదు. ఫ్రాన్సు దేశంలో స్తాంధాల్ అనే గొప్ప నవలా రచయిత ఉండేవాడు. అతను 1783లో గ్రెనోబుల్ పట్టణంలో పుట్టాడు. చిన్నతనంలో అతనికి లెక్కలంటే ఎంతో ఇష్టం. లెక్కల్లో కపటానికి చోటు లేదని అతని నమ్మకం. అటువంటివాడికి ఈ సూత్రం గొంతులో ముల్లులాగా అడ్డుపడింది. ఉపాధ్యాయులను అడిగాడు. ఒకరు తడబడ్డారు. యాభై ఏళ్ళు పైబడ్డాక తన జీవితకథ రాసుకుంటూ కూడా అతను ఆ సంగతి మరచిపోలేదు.

అతని సందేహం ఏమంటే: ఋణమంటే అప్పు గదా! పదివేల ఫ్రాంకుల అప్పును ఐదువందల ఫ్రాంకుల అప్పుతో హెచ్చవేస్తే యాభైలక్షల ఫ్రాంకుల ఆస్తి ఎలా వస్తుంది? అదే నిజమైతే అప్పులు చేసినవాళ్ళందరూ షావుకార్లు కావాలి!

ఎంత న్యాయమైన ప్రశ్నో చూడండి. దీనికి జవాబు చెప్పకుండా సూత్రం బట్టీ పట్టమనటం అన్యాయం.

ఇటువంటి ప్రశ్నే మా ప్రాంతంలో ఒక అమ్మాయి అడిగింది. ఆ అమ్మాయి మాట మీకు బాగా తెలియాలంటే మా ప్రాంతం సంగతి కొంచెం చెప్పాలి.

బోధన్ అనగానే మా జిల్లావాళ్ళకు చక్కెర గుర్తుకు వస్తుంది. మంజీర నదికి అడ్డంగా 1923 నుంచి 1931 వరకు నిజాంసాగర్ ఆనకట్ట కట్టారు. ఆ పనికి ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్. దాని కాలువ నీళ్ళు బోధన్ వైపు వచ్చాక చెరకు తోటలు పెరిగాయి. 1937లో బోధన్‌లో నిజాం చక్కెర కర్మాగారం వెలిసింది. దాని చుట్టూ ఏర్పడిన పేటకు శక్కర్‌నగర్ అని పేరు. ఆ కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడింది. కాని నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో, చెరకు కోతలు మొదలైతే చాలు, రోడ్డు పొడుగునా చెరకు బండ్లు బారులు తీరి పోతూ ఉండేవి. మా బడిపిల్లలు బండ్ల వెనక పరిగెత్తి గడలు లాగేవాళ్ళు, బండివాళ్ళు తిట్టేవాళ్ళు. ఇద్దరికీ అది అలవాటే.

చెరకు నెల రెండు నెలల్లో చేతికి వచ్చే పంట కాదు. దాదాపు ఏడాది పడుతుంది. అంతవరకూ రైతుకు డబ్బు ఎక్కడిది? నాటే ముక్కలకు అప్పు, ఎరువుకు అప్పు, కోత కూలికి అప్పు. పంట తూచాక ఆ అప్పులన్నీ పోగా మిగిలిందే ఇంటికి వస్తుంది. కనక ఆ పల్లెల్లో ఎక్కాలు రాని పిల్లలకు కూడా "బాకీ" అనే మాట తెలుసు.

ఆ అమ్మాయి వేరే బడి నుంచి మా బడికి ఏడో తరగతిలో వచ్చి చేరింది. వాళ్ళ నాయన చెరకు పండించే చిన్న రైతు. వెనకటి బడిలో ఈ సూత్రం ఎందుకని అడిగితే, "నోరు మూసుకొని రాసుకో" అన్నారట. మా తరగతిలో కూడా పుస్తకంలో ఆ పాఠం రాగానే ఆమె లేచి నిలబడింది. కొంచెం భయపడుతూనే ఇలా అన్నది:

"సార్, మా నాయినకు సదువు రాదు. అప్పు కాయితం మీద వేలిముద్ర ఏస్తడు. ఏం రాసిన్రని అడగడు. నేను సదువుకుంటున్న గదా! నేను గూడ అడగకుంటనే ఒప్పుకోవాల్నా?"

తరగతి అంతా నిశ్శబ్దమైపోయింది. నేను సుద్దముక్క బల్లమీద పెట్టి, "అడగాలె బిడ్డా. అడుగుడు తప్పు గాదు. ఇయ్యాల పుస్తకం మూసి పెడదాం" అన్నాను. ఆ రోజూ మరునాడూ వాళ్ళకు చెప్పినదే ఇప్పుడు మీకూ చెబుతాను.

మొదట స్తాంధాల్ సందేహం సంగతి చూద్దాం. మూడు అరటిపండ్లను రెండు అరటిపండ్లతో హెచ్చవేయగలమా? వేయలేము. మూడేసి అరటిపండ్లు రెండుసార్లు ఇస్తే ఆరు అవుతాయి. అంటే హెచ్చవేతలో రెండు సంఖ్యలకూ ఒకే పని లేదు. ఒకటి "ఎంత" అనేది చెబుతుంది. ఇంకొకటి "ఎన్నిసార్లు" అనేది చెబుతుంది. రూపాయలను రూపాయలతో హెచ్చవేయటమన్నది లేనే లేదు. కనక అప్పును అప్పుతో హెచ్చవేయటం కూడా లేదు. స్తాంధాల్ వేసిన లెక్కలో ముడి అక్కడ ఉన్నది.

సరే, "ఎంత" అనేది ఋణం కావచ్చు. 200 రూపాయల బాకీని −200 అని రాస్తాం. మరి "ఎన్నిసార్లు" అనేది ఋణం ఎలా అవుతుంది? మైనస్ మూడుసార్లు అంటే ఏమిటి?

ఇందుకు ఒక ఆట ఆడదాం. నిజామాబాద్‌లోని గాంధీగంజ్‌లో అడ్తి దుకాణాలు ఉంటాయి. అటువంటి దుకాణంలో మీ పేరిట ఒక ఖాతా ఉన్నదనుకోండి. మీకు రావలసిన డబ్బుకు షావుకారు జమ చీటీ రాస్తాడు. మీరు ఇవ్వవలసిన డబ్బుకు బాకీ చీటీ రాస్తాడు. లెక్క సులువుగా ఉండటానికి ప్రతి చీటీ 200 రూపాయలదే అనుకుందాం. ఈ చీటీలన్నీ మీ పేరు రాసిన ఒక డబ్బాలో ఉంటాయి. డబ్బాలోకి చీటీలు వస్తాయి, డబ్బాలో నుంచి చీటీలు తీసివేయటం కూడా జరుగుతుంది. మూడు చీటీలు వేస్తే +3, మూడు చీటీలు తీసేస్తే −3. ఇక చూడండి.

డబ్బాలో మూడు జమ చీటీలు వేశారు. మీ ఖాతా 600 రూపాయలు పెరిగింది.

(+3) × (+200) = +600

డబ్బాలో మూడు బాకీ చీటీలు వేశారు. మీ ఖాతా 600 రూపాయలు తగ్గింది.

(+3) × (−200) = −600

డబ్బాలో నుంచి మూడు జమ చీటీలు తీసేశారు. మీకు రావలసినది పోయింది. ఖాతా 600 రూపాయలు తగ్గింది.

(−3) × (+200) = −600

ఇప్పుడు నాలుగోది. మీ నాయన అప్పుమీద తెచ్చిన ఎరువు బస్తాలలో మూడు మిగిలిపోయాయి. వాటిని విప్పకుండానే దుకాణంలో తిరిగి ఇచ్చేశాడు. షావుకారు డబ్బాలో నుంచి మూడు బాకీ చీటీలు తీసి చించేశాడు. ఖాతా పెరిగిందా, తగ్గిందా? మీ చేతికి ఒక్క రూపాయి రాలేదు. అయినా ఖాతా 600 రూపాయలు పెరిగింది!

(−3) × (−200) = +600

బాకీ పోవటమంటే లాభం రావటమే. ఈ సంగతి చెరకు రైతుకు ఎవరూ నేర్పనక్కర లేదు. స్తాంధాల్ అనుకున్నట్టు ఇక్కడ అప్పును అప్పుతో హెచ్చవేయలేదు. అప్పును, తీసివేసిన సార్లతో హెచ్చవేశాం. అప్పులు చేసినవాడు షావుకారు కాలేదు. అప్పులు తీరినవాడి బరువు తగ్గింది, అంతే.

ఇంతవరకూ చెప్పేసరికి వెనక బెంచీలో నుంచి ఒక కుర్రవాడు లేచాడు. "సార్, గిది చీటీలకు నడుస్తది. గని ఉత్త అంకెలకు ఎట్ల నడుస్తది? చీటీలు లేకుంట గూడ నడవాలె గదా!" అన్నాడు.

శభాష్! ఒక ప్రశ్నకు జవాబు దొరికితే ఇంకో ప్రశ్న రావటమే చదువు. మనం చెప్పుకున్న చీటీల ఆట ఒక ఉదాహరణ మాత్రమే. ఒక్క ఉదాహరణతో సూత్రం రుజువు కాదు. కనక ఇంకా ముందుకు పోదాం.

మా ఊరి చెరువు సంగతి తీసుకోండి. ఎండాకాలంలో చెరువులో నీరు రోజుకు 2 అంగుళాల చొప్పున తగ్గుతున్నదనుకుందాం. తగ్గుతున్నది కనక రోజుకు −2. ఇవాళ్టి నీటిమట్టం దగ్గర రాతిమీద ఒక గీత గీసి, దాన్ని సున్న అందాం. మూడు రోజుల తరవాత నీరు ఎక్కడుంటుంది? గీతకు 6 అంగుళాల కింద.

(+3) × (−2) = −6

మరి మూడు రోజుల కిందట ఎక్కడున్నది? మూడు రోజులు వెనక్కు పోవాలి, అంటే −3. రోజూ తగ్గుతూ ఇక్కడికి వచ్చింది కనక, అప్పుడు నీరు ఇవాళ్టి గీతకు 6 అంగుళాల పైన ఉండేది.

(−3) × (−2) = +6

తగ్గే నీటిని వెనక్కు తిప్పి చూస్తే పెరుగుతూ కనిపిస్తుంది. సినిమా రీలు వెనక్కు తిప్పినప్పుడు మెట్లు దిగేవాడు మెట్లు ఎక్కుతున్నట్టు కనిపించడా? ఇదీ అంతే.

ఇప్పుడు చీటీలూ చెరువూ రెండూ పక్కన పెట్టి, ఆ కుర్రవాడు అడిగినట్టు ఉత్త అంకెలతో చూద్దాం. ఈ మెట్లు దిగండి:

3 × (−4) = −12
2 × (−4) = −8
1 × (−4) = −4
0 × (−4) = 0

ఎడమవైపు సంఖ్య ఒక్కొక్కటిగా తగ్గుతున్నది. కుడివైపు జవాబు ప్రతి మెట్టుకూ నాలుగేసి పెరుగుతున్నది. −12 నుంచి −8, −8 నుంచి −4, −4 నుంచి 0. ఇంకో మెట్టు దిగితే ఎడమవైపు −1 వస్తుంది. మరి కుడివైపు? ఇంతవరకూ నడిచిన వరసే నడిస్తే 4 రావాలి.

(−1) × (−4) = +4
(−2) × (−4) = +8

అయితే, "వరస మధ్యలో ఎందుకు మారకూడదు?" అని గట్టివాడెవడైనా అడగవచ్చు. అడగనివ్వండి. అతనికోసం చెరకు మడి ఉన్నది. ఇది అన్నిటికంటె గట్టి సాక్ష్యం. మీరు కాగితం, పెన్సిలు తీసుకోండి.

10 గజాల పొడుగు, 10 గజాల వెడల్పు ఉన్న మడి ఒకటి గీయండి. దాని వైశాల్యం 100 చదరపు గజాలు. పొడుగులో 2 గజాలు వదిలేయాలి, కాలువకు. వెడల్పులో 3 గజాలు వదిలేయాలి, బండి బాటకు. మిగిలే చెరకు మడి 8 గజాల పొడుగు, 7 గజాల వెడల్పు. ఎనిమిది ఏళ్ళు యాభై ఆరు. ఎక్కం వచ్చినవాడికి ఇందులో అనుమానం లేదు.

ఇప్పుడు అదే లెక్క తీసివేతలతో చేద్దాం. మొత్తం 100. కాలువ కోసం పోయిన పట్టె 2 × 10 = 20. బాట కోసం పోయిన పట్టె 3 × 10 = 30. 100లో నుంచి 20, 30 తీసేస్తే 50 మిగిలింది. కాని జవాబు 56 కావాలి గదా! 6 చదరపు గజాలు ఎటు పోయాయి?

మీరు గీసిన బొమ్మ చూడండి. కాలువ పట్టె, బాట పట్టె ఒక మూలన కలుసుకుంటాయి. ఆ మూల 2 గజాల పొడుగు, 3 గజాల వెడల్పు, అంటే 6 చదరపు గజాలు. ఆ ముక్కను కాలువ లెక్కలో ఒకసారి కోశాం, బాట లెక్కలో మరోసారి కోశాం. ఉన్నది ఒక్క ముక్క, కోత రెండుసార్లు! కనక ఒకసారి తిరిగి కలపాలి. 50 + 6 = 56. లెక్క సరిపోయింది.

దీన్నే అంకెలలో రాస్తే ఇలా ఉంటుంది:

(10 − 2) × (10 − 3) = 100 − 30 − 20 + 6 = 56

ఆ చివర వచ్చిన +6 ఎక్కడిది? (−2) × (−3) నుంచి వచ్చింది. అది −6 అయితే జవాబు 44 అవుతుంది. అప్పుడు ఎనిమిది ఏళ్ళు నలభై నాలుగు అనాలి! అంటే ఈ సూత్రాన్ని ఎవరో రాజుగారు శాసనం చేసి మనమీద రుద్దలేదు. మీరు రెండో తరగతి నుంచీ వల్లె వేస్తున్న ఎక్కాలు నిజం కావాలంటే ఇది కూడా నిజం కావలసిందే. ఎక్కాల పుస్తకమే దీనికి సాక్షి.

పై తరగతుల పిల్లలకు ఇంకొక చిన్న రుజువు. 4కు −4 కలిపితే సున్న. సున్నను దేనితో హెచ్చవేసినా సున్నే. కనక (−3)ను (4 + −4)తో హెచ్చవేస్తే సున్న రావాలి. విడివిడిగా హెచ్చవేస్తే, (−3) × 4 అంటే −12, దానికి (−3) × (−4) కలపాలి. రెండూ కలిసి సున్న కావాలంటే రెండోది +12 కాక ఇంకేమవుతుంది?

ఇక ఈ సూత్రం పుట్టుపూర్వోత్తరాలు కొంచెం విందాం. పూర్వం చైనా దేశంలో లెక్కలకు చిన్న చిన్న పుల్లలు వాడేవారు. ధన సంఖ్యలకు ఎర్ర పుల్లలు, ఋణ సంఖ్యలకు నల్ల పుల్లలు. లియు హుయి అనే పండితుడు 263లో ఈ పద్ధతి వివరించాడు. ఇప్పటి జమాఖర్చుల్లో బాకీని ఎర్ర సిరాతో రాస్తారు గదా, వాళ్ళకు సరిగ్గా తలకిందులు!

మన దేశంలో బ్రహ్మగుప్తుడు 628లో రాసిన బ్రహ్మస్ఫుట సిద్ధాంతంలో ధనం, ఋణం, సున్న ఈ మూడింటి లెక్కలకు సూత్రాలు చెప్పాడు. ఋణాన్ని ఋణంతో గుణిస్తే ధనమని అందులో స్పష్టంగా ఉన్నది. ధనమంటే ఆస్తి, ఋణమంటే అప్పు. పధ్నాలుగువందల ఏళ్ళ కిందటి ఆ మాటలనే మనం ఈనాటికీ తెలుగులో వాడుతున్నాం. ఇంగ్లీషు పాఠంలో "నెగటివ్" అని చదివే పిల్లవాడికి ఆ మాటలో అప్పు కనిపించదు. తెలుగులో ఋణ సంఖ్య అనగానే కనిపిస్తుంది. ఇది మన భాష మనకిచ్చిన వరం.

ఆ తరవాత సుమారు 850లో రాష్ట్రకూట రాజు అమోఘవర్షుని కాలంలో మహావీరాచార్యుడు గణితసారసంగ్రహం రాశాడు. ఆ రాజు రాజధాని మాన్యఖేటం. అది ఇప్పటి కర్ణాటకలో మల్ఖేడ్ అనే ఊరు, మన తెలంగాణ సరిహద్దుకు ఎంతో దూరం కాదు. మహావీరాచార్యుడు కూడా ఈ సూత్రాన్ని చెప్పి, దానికి తోడు ఇంకొక తెలివైన మాట చెప్పాడు: ఋణ సంఖ్యకు వర్గమూలం ఉండదని. ఎందుకో మీరే ఆలోచించండి. ధనాన్ని ధనంతో హెచ్చవేస్తే ధనం. ఋణాన్ని ఋణంతో హెచ్చవేసినా ధనమే. ఇక ఏ సంఖ్యను దానితోనే హెచ్చవేస్తే −9 వస్తుంది? ఇటువంటి సంఖ్యలు ఎంత వెదికినా దొరకవు. దీనికోసం గణితజ్ఞులు ఎన్నో వందల ఏళ్ళ తరవాత కొత్తరకం సంఖ్యలనే తయారుచేసుకున్నారు. పై తరగతుల్లో మీరు వాటిని చదువుతారు.

మహావీరాచార్యుని గ్రంథాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. తెలుగులో మనకు దొరికిన మొదటి గణిత గ్రంథం అదే. అంటే మన భాషలో కావ్యాలు పుట్టిన తొలిరోజుల్లోనే లెక్కలు కూడా పుట్టాయన్నమాట. లెక్కలు తెలుగులో చెప్పటం కుదరదనేవాళ్ళకు ఈ సంగతి చెప్పండి.

ఇంత పాత సూత్రమైనా, అందరూ వెంటనే ఒప్పుకోలేదు. 1758లో ఇంగ్లండులో ఫ్రాన్సిస్ మసేరెస్ అనే ఆయన, పెద్ద సంఖ్యలో నుంచి చిన్న సంఖ్యను తీసివేయటానికి తప్ప మైనస్ గుర్తును వాడనే కూడదని వాదిస్తూ ఒక పుస్తకమే రాశాడు. అంతంత చదువుకున్నవాళ్ళే తటపటాయించిన చోట ఏడో తరగతి పిల్లలు తటపటాయిస్తే వింతేమున్నది?

ఇంకొక ముఖ్యమైన సంగతి. కారణం తెలుసుకోకుండా మంత్రం మాత్రమే నేర్చుకున్నవాడికి ఒక ప్రమాదం ఉన్నది. ఆ మంత్రాన్ని వాడకూడని చోట కూడా వాడేస్తాడు. −3 − 2 ఎంత అని అడిగితే, "రెండు మైనస్‌లు ఉన్నాయి గదా" అని +5 రాసేస్తాడు! నేను దిద్దిన జవాబు పత్రాల్లో ఇది లెక్కలేనన్నిసార్లు చూశాను. 300 రూపాయల బాకీ ఉన్నవాడు ఇంకో 200 బాకీ చేస్తే వాడి దగ్గర 500 రూపాయలు ఉన్నట్టా? ఖాతా పుస్తకం గుర్తున్నవాడు ఈ తప్పు చెయ్యడు. బాకీకి బాకీ కలిస్తే పెద్ద బాకీ. బాకీని తీసేస్తేనే లాభం. కలపటం వేరు, హెచ్చవేయటం వేరు.

ఆ అమ్మాయి సంగతి చెప్పాలి గదా. మడి బొమ్మ గీసిన రోజున ఆమె తన నోటుపుస్తకంలో ఆ మూలముక్కకు రంగు వేసుకున్నది. తరవాత కొన్ని నెలలకు చెరకు తూకాలు అయిపోయాయి. వాళ్ళ నాయన లెక్క కాగితం ఇంటికి తెచ్చాడు. ఆమె దాన్ని పైనుంచి కిందిదాకా ఆయనకు చదివి వినిపించి, ఏ కోత దేనికోసమో ఒక్కొక్కటే అడిగిందట. రెండుసార్లు కోసినది ఏదైనా ఉన్నదా అని వెదికిందట. తప్పేమీ దొరకలేదు, లెక్క సరిగానే ఉన్నది. అయినా ఆ తరవాత ఆ నాయన కూతురి చేత చదివించుకోకుండా ఏ కాగితం మీదా వేలు పెట్టలేదని వాళ్ళ అమ్మ ఒకసారి బడికి వచ్చినప్పుడు నాతో చెప్పింది. ఆ అమ్మాయి పరీక్షలో ఎన్ని మార్కులు తెచ్చుకున్నదో నాకు గుర్తు లేదు. ఈ మాట మాత్రం గుర్తున్నది.

పెద్దలకు ఒక మనవి. మీ పిల్లలు "ఎందుకు?" అని అడిగితే విసుక్కోకండి. జవాబు తెలియకపోతే, "నాకూ తెలియదు, కనుక్కుందాం" అనండి. దానివల్ల మీ పెద్దరికానికి ఏ లోటూ రాదు. అడగవద్దని ఒక్కసారి గట్టిగా చెబితే పిల్లలు ఆ ఒక్క ప్రశ్నే కాదు, మిగతా ప్రశ్నలు కూడా మానేస్తారు. లెక్క కాగితం ముందు నోరు మెదపనివాళ్ళుగా తయారవుతారు. అది మనకు కావలసిన చదువు కాదు.

పిల్లలూ, ఇక మీ వంతు. గళ్ళ కాగితం మీద 10 గళ్ళ పొడుగు, 10 గళ్ళ వెడల్పు ఉన్న మడి గీయండి. ఒక వైపు 1 గడి, ఇంకో వైపు 4 గళ్ళు కొట్టేసి 9 × 6 ఎంతో తేల్చండి. రెండుసార్లు కోసిన మూల ఎన్ని గళ్ళో లెక్కపెట్టండి. అది అయ్యాక మూడు ఋణ సంఖ్యలను వరసగా హెచ్చవేస్తే ఏమవుతుందో చెప్పండి: (−1) × (−1) × (−1). మీ జవాబు నిజమో కాదో నన్ను అడగనక్కర లేదు. చీటీల డబ్బాను అడగండి, లేదా మెట్ల వరసను అడగండి. అవి ఎవరికీ భయపడి చెప్పవు, ఎవరి మొహమూ చూసి మాట మార్చవు.